రాగి గొట్టంలో వాన

ముప్పై రెండేళ్లకే రిటైర్మెంటా అని మా అక్క నవ్వింది. తొమ్మిదేళ్లు సోల్డరింగ్ పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఇక మావల్ల కాదన్నాయి. నెల్లూరులో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, రిపేరు బల్ల ముందు మళ్లీ కూర్చోవద్దని తేల్చేశారు. ఆయనతో వాదించాను. వాదన మధ్యలో దగ్గు తెర వచ్చింది. ఆయన నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు. అలా నా ఉద్యోగ విరమణ జరిగిపోయింది. దండల్లేవు, శాలువా లేదు.

ల్యాప్‌టాప్ రిపేరులోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫోనులోనే, బొటనవేళ్లతో. ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్ పనికొస్తుంది అనేవి ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. నేను చెప్పాలనుకున్నది రోజూ వచ్చే, అందరూ చిన్నచూపు చూసే ఒక ఫిర్యాదు గురించి: "వేడెక్కుతోంది, దానంతటదే ఆగిపోతోంది." నా పొగరు అణచింది ఆ ఫిర్యాదే. ఈ పని మీద ఇవాళ్టికీ తగ్గని ఆశ్చర్యాన్ని నాకు ఇచ్చిందీ అదే.

ఆగిపోవడం జబ్బు కాదు

వేడెక్కి ఆగిపోయిన ల్యాప్‌టాప్ చెడిపోయినట్టు కాదు. తనను తాను కాపాడుకున్నట్టు. ప్రాసెసర్ అనే ఆ గోరంత ముక్కకు తన వేడి తనకు తెలుసు. హద్దుకు దగ్గరవుతున్నానని తెలియగానే మొదట నెమ్మదిస్తుంది. అదీ చాలకపోతే, మీరు సగం టైపు చేసిన వాక్యాన్ని కూడా లెక్కచేయకుండా కరెంటు తెంచేసుకుంటుంది. మనుషుల్లో నేనింతవరకు అంత తెలివిని చూడలేదు. నాలో అసలే చూడలేదు. నాకు వేడెక్కితే ఆగడం తెలియదు.

హైదరాబాద్‌లో నా మొదటి బాసుకు ఇలాంటి ఆశ్చర్యాలేవీ ఉండేవి కావు. ఆయన సూత్రం ఒకటే: ఊదు, తుడువు, పేస్ట్ రాయి, పంపించు. దుమ్ము ఊదడం, ఫ్యాన్ తుడవడం, ప్రాసెసర్ వేడిని బయటికి అందించే పేస్ట్ ఎండిపోతే గీకేసి కొత్తది రాయడం. చాలా మెషిన్లు దాంతో బాగయిపోతాయి కూడా.

"కస్టమర్‌తో కబుర్లొద్దమ్మా," అనేవాడు. "ఎక్కడ వాడుతున్నారని అడిగావనుకో, పెళ్లిచూపుల దగ్గర్నుంచి మొదలుపెడతారు."

ఆయన దగ్గర నేను వేగం నేర్చుకున్నాను. అడగకపోవడం కూడా నేర్చుకున్నాను. వేగం ఇప్పటికీ మంచిదే అంటాను. రెండోదాన్ని వదిలించుకోవడానికి మాత్రం ముత్తుకూరు దాకా రావాల్సివచ్చింది.

రావడం కూడా గొప్పగా ఏమీ రాలేదు. నాలుగేళ్లు చేశాక ఒకరోజు అందరి ముందూ ఆయన నన్ను ఒక మాటన్నాడు, నేను రెండన్నాను, మెళ్లో ఐడీ కార్డు తీసి బల్ల మీద కొట్టి బయటికొచ్చేశాను. మా అక్క ముత్తుకూరు దగ్గర థర్మల్ ప్లాంటు ఆఫీసులో పనిచేస్తుంది. పదిరోజులుందామని ఆమె ఇంటికొచ్చాను. ఐదేళ్లున్నాను.

దుమ్ము రంగు

ముత్తుకూరు బజారులో మస్తాన్ భాయ్ కొట్టు మీద బోర్డు ఇప్పటికీ రేడియోలు, టార్చిలైట్లు, వైర్‌లెస్ సెట్లు అనే ఉంటుంది. ఆయనకు అరవై దాటాయి. వేటకెళ్లే పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తూ మొదలై, టీవీల మీదుగా ల్యాప్‌టాప్‌ల దాకా వచ్చిన మనిషి. చేతిలో మాత్రం బటన్ల ఫోనే. పని అడగడానికి వెళ్లినరోజు ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు.

"హైదరాబాద్‌లో దుమ్ము ఏ రంగమ్మా?" అన్నాడు.

"దుమ్ముకు రంగేంటండీ?"

ఆయన బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసి, అందులోని మూడు కాగితం పొట్లాలు విప్పాడు. మూడింట్లోనూ ల్యాప్‌టాప్ ఫ్యాన్లలోంచి తీసిన దుమ్మే.

"ఈ బూడిద రంగుది కరెంటు ప్లాంటు పక్కది. తెల్లది రొయ్యల గుంటల కాడిది, సున్నమూ ఉప్పూ. ఈ గోధుమరంగుది బియ్యం మిల్లుది, తవుడు. దుమ్ము చూస్తే మిషను ఏ ఊరిదో తెలస్తాది."

నేను ఫోను తీసి మూడింటికీ ఫోటో కొట్టాను.

"ఫోటోలో వాసన రాదమ్మే," అన్నాడాయన.

నవ్వి ఊరుకున్నాను. ఆ మాట నాకు పట్టడానికి ఏడాదిపైనే పట్టింది.

ఆ మధ్యలో ఇంకొకటి జరిగింది. రోడ్డు మీద టిఫిన్ సెంటర్ నడిపే ఒకాయన తన బిల్లుల ల్యాప్‌టాప్ తెచ్చాడు. అది వేడెక్కుతోందని కింద తడి గోనెపట్టా పరిచాడట. తడి ఇసుక మీద పెడితే కుండలో నీళ్లు చల్లబడతాయి కదా, ఇదీ అంతేననుకున్నాడు. బోర్డంతా తడిసి చిలుము పట్టి పచ్చబడిపోయింది. కొట్టు ముందు నిలబెట్టి ఆయన మీద అరిచాను. ఆయన వెళ్లాక మస్తాన్ భాయ్ నెమ్మదిగా అన్నాడు.

"ఆయన తెలివితక్కువోడు కాదు. నీళ్లు వేడిని మోస్తాయని ఆయనకు తెలుసు. యాడ మొయ్యాలో అదొక్కటే తెలీలా."

ఇదేం సమర్థింపు అనుకుని ఫోనులోకి తల దూర్చేశాను.

సుప్రజ ల్యాప్‌టాప్

ముత్తుకూరు దాటాక రొయ్యల గుంటల మధ్య ఒక చిన్న ల్యాబ్ ఉండేది. రెండు గదులు. సుప్రజ అనే అమ్మాయి దాన్ని ఒక్కతే నడిపేది. రైతులు సీసాల్లో రొయ్యలు పట్టుకొస్తే, తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పరీక్ష చేసి చెప్పడం ఆమె పని. పరీక్ష చేసే మెషిన్‌కు ఒక పాత ల్యాప్‌టాప్ తగిలించి ఉండేది. ఆ సాఫ్ట్‌వేరు ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. ఒక్కో పరీక్షకు గంటన్నర పడుతుంది. మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే పరీక్ష పోయినట్టే, అందులో పోసిన మందూ పోయినట్టే.

ఆ ల్యాప్‌టాప్ మధ్యలో ఆగిపోతోందని సుప్రజ కొట్టుకు తెచ్చింది. ఊదాను, తుడిచాను, పేస్ట్ రాశాను. ఆన్ చేసి కాసేపు ఒక వీడియో ఆడించాను. పక్కన గాలి వచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. చల్లటి గాలి. బ్రహ్మాండం అనుకున్నాను.

"ఇది ఫ్రిజ్ అయిపోయింది, తీసుకుపో," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. "అక్కా, మళ్లీ ఆగిపోయింది. ఇక్కడ ఒక రైతు ఉన్నాడు, ఆయనకు ఇవాళే చెప్పాలి. ఒక్కసారి వస్తావా?"

స్కూటీ మీద వెళ్లాను. దారి పొడవునా తిట్టుకుంటూనే వెళ్లాను. నేను చేసిన పని తిరిగొచ్చిందంటే తప్పు వాడినవాళ్లదే అని నాకప్పట్లో గట్టి నమ్మకం.

ల్యాబ్ గుమ్మంలో ఊదారంగు నీళ్లతో ఒక ట్రే ఉంది. ఒక గుంట రోగం ఇంకో గుంటకు అంటకుండా, లోపలికొచ్చే ప్రతివాళ్లూ అందులో కాళ్లు ముంచి రావాలి. నేను దాన్ని దాటి అడుగేశాను. కొత్త చెప్పులు.

గుమ్మం పక్క బెంచీ మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు, పెంచలయ్య. యాభై దాటిన మనిషి. ఆయన కాళ్లు చీలమండల దాకా ఊదారంగులో ఉన్నాయి. సుప్రజ ఆయన సంగతి చెప్పింది. ఆయన పక్క గుంటలో నిన్నటి నుంచి రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. ఈయన గుంటలో ఇంకా చావలేదు గానీ, నిన్న సాయంత్రం మేత సరిగా తినలేదు. వైరస్ ఉంటే ఇవాళే వలేసి, దొరికిన ధరకు అమ్మేసుకోవాలి. లేకపోతే ఇంకో ఇరవై రోజులు పెంచుకోవచ్చు. పట్టేవాళ్లకూ, ఐసు బండికీ సాయంత్రం నాలుగులోపు మాట చెప్పాలి. నెల్లూరులో పెద్ద ల్యాబ్ వాళ్లు ఎల్లుండి చెబుతామన్నారు.

"ఎల్లుండికి గుంటలో నీళ్లే ఉంటాయి పాపా," అన్నాడు పెంచలయ్య. "పొద్దున్నించి మేత కూడా ఆపేయించినా. ఉన్నాయో పోయాయో తెలీకుండా ఎట్టా ఎయ్యమంటావు?"

"నన్ను పాపా అనకండి," అన్నాను.

"సరే మేడం."

సుప్రజ వైపు తిరిగాను. "దీన్ని ఎక్కడ పెట్టి వాడుతున్నావు? మంచం మీదా? పరుపు మీదా?"

"లేదక్కా, ఈ బల్ల మీదే. కొన్నప్పట్నుంచీ ఇక్కణ్నుంచి జరపనే లేదు."

జవాబంతా ఆ మాటలోనే ఉంది. నేను వినలేదు. మళ్లీ విప్పి, మళ్లీ తుడిచి, మళ్లీ పేస్ట్ రాసి, పరీక్ష మొదలుపెట్టమన్నాను.

"అక్కా, రెండు పరీక్షలకే మందుంది. కొత్త కిట్ చెన్నై నుంచి రావాలి, మూడ్రోజులు పడుతుంది. ముందు ఊరికే ఆన్ చేసి చూద్దామా?"

"నేనుండగా ఆగదు. పెట్టు."

పెట్టింది. నేను పక్కనే కుర్చీ వేసుకుని ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, మరో చెయ్యి సందు దగ్గర పెట్టాను. గాలి చల్లగానే వస్తోంది. పది నిమిషాలకోసారి "చూశావా, చల్లగా ఉంది" అంటూనే ఉన్నాను. నలభై నిమిషాలకు తెర నల్లబడింది.

బెంచీ మీంచి పెంచలయ్య లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"ఏమైంది మేడం?"

ఆ 'మేడం' అన్న మాట చెంపదెబ్బలా తగిలింది. ఫోను జేబులో పెట్టి, మళ్లీ తీసి, మస్తాన్ భాయ్‌కి చేశాను.

పొయ్యి, పొగగొట్టం

ఆయన షేర్ ఆటోలో వచ్చాడు, భుజాన ఖాకీ సంచితో. ట్రేలో రెండు కాళ్లూ నిదానంగా ముంచి, గుమ్మంలోనే ఆగి ఊపిరి పీల్చాడు. తర్వాత ల్యాప్‌టాప్ వైపు కాకుండా బల్ల మీదున్న కత్తెర వైపు వెళ్లాడు.

"ఇది కొని ఎన్నాళ్లయిందమ్మా?"

"మూడు నెలలు," అంది సుప్రజ.

"మూడు నెలలకే ముసల్దయిందే."

కత్తెరంతా తుప్పు. కిటికీ ఊచలు తుప్పు. కుర్చీ కాళ్లు తుప్పు. గంటన్నర నుంచి నేను వాటి మధ్యే కూర్చున్నాను.

ఆయన వంగి బల్ల కిందికి చూశాడు. అక్కడ ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంది. వాడేసిన గొట్టాలను, దూదిని సుప్రజ అందులో పడేస్తుంది. బకెట్ నిండా బ్లీచింగ్ నీళ్లు. సరిగ్గా దాని పైన, బల్ల మీద, కొన్నప్పట్నుంచి జరపని ల్యాప్‌టాప్. అడుగున ఫ్యాన్ గాలి పీల్చే రంధ్రాలు.

"గాలి ఎట్టా వస్తుండాది?" అని నన్నడిగాడు.

"చల్లగానే వస్తోంది భాయ్. అదే నాకు అర్థం కావడంలేదు."

"పొయ్యి ధగధగ మండతా ఉండాది. పొగగొట్టంలోంచి చల్లగాలి వస్తుండాది. ఏందర్థం?"

నేను గాలి వచ్చే సందు వైపు చూశాను.

"పొగ ఇంట్లోనే ఉండిపోయిందని," అంది సుప్రజ.

లోపలి మనిషి ఉడికిపోతుంటే నేను గుమ్మంలో నిలబడి గాలి ఎంత హాయిగా ఉందో అని మురిసిపోయాను, రెండుసార్లు. కొత్తగా వచ్చేవాళ్లు ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి. వేడెక్కే మెషిన్‌లోంచి వేడిగాలి రావాలి. చల్లగాలి వస్తే భయపడాలి.

మస్తాన్ భాయ్ అడుగు మూత విప్పాడు. ప్రాసెసర్ మీద నుంచి ఫ్యాన్ దాకా చదునైన ఒక రాగి గొట్టం వెళ్తుంది. హీట్ పైపు అంటాం. దాన్ని స్క్రూలు తీసి బయటకు లాగాడు. సంచిలోంచి పాత సామాన్లలోని అలాంటిదే మరొక గొట్టం తీశాడు. సుప్రజను మరిగే నీళ్లు అడిగాడు. ఆమె టీ పెట్టుకునే గిన్నెలో నీళ్లు కాచి గ్లాసులో పోసింది.

"ఈ కొస పట్టుకో," అని పాత గొట్టం నా చేతికిచ్చి, రెండో కొస వేడినీళ్లలో ముంచాడు.

ముంచిన క్షణంలోనే నా వేళ్లు చురుక్కుమన్నాయి. వదిలేశాను. మామూలు రాగి కడ్డీ అయితే వేడి పాకుతూ రావాలి. ఇది పాకలేదు, ముంచడమే ఆలస్యం, ఈ కొసకు వచ్చేసింది.

"ఇప్పుడు ఇది," అని సుప్రజ ల్యాప్‌టాప్ గొట్టం ఇచ్చాడు. ముంచాడు. పట్టుకున్నాను. ఏమీ లేదు. ఇంకాసేపు పట్టుకున్నాను. నా వైపు కొస చల్లగానే ఉంది.

"లోపల ఏముంటుంది భాయ్?"

"నీళ్లు."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "ల్యాప్‌టాప్‌లో నీళ్లా?"

"ఒక చుక్కో, రెండు చుక్కలో. లోపల గాలంతా పీకేసి మూసేస్తారు. ఈ కొస కాలితే చుక్క ఆవిరై ఆ కొసకు పరిగెత్తతాది. ఆడ ఫ్యాన్ గాలికి చల్లబడి మళ్లా చుక్కవతాది. గొట్టం లోపలి గోడకి దీపం వత్తి మాదిరి అల్లిక ఉంటాది, దాన్ని పట్టుకొని ఎనక్కొస్తాది. మళ్లా కాలతాది, మళ్లా పోతాది. నువ్వు మిషను ఆన్ చేసిన కాడ్నించి ఆపేదాకా దానికి ఇదే పని."

"సముద్రం, మబ్బు, వాన," అన్నాడు గుమ్మంలోంచి పెంచలయ్య.

అప్పటికి నాది ఆరేళ్ల సర్వీసు. అలాంటి గొట్టాలు ఎన్ని వందలు విప్పానో, ఎన్ని చెత్తబుట్టలో విసిరానో లెక్కలేదు. అవన్నీ వట్టి రాగి కడ్డీలనుకున్నాను. ప్రతిదాని లోపలా ఒక చుక్క నీరు మబ్బై, వానై తిరుగుతూ ఉండేదని, నా చేతుల్లో అన్ని వానలు పడ్డాయని నాకు తెలియదు. ఫోను నిండా సమాచారం ఉన్నదాన్ని, ఒక్కసారి కూడా వెతకాలని తోచలేదు. తెలియదని తెలిస్తే కదా వెతకడానికి. ఆ గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇప్పటికీ కొత్త హీట్ పైపు చేతిలోకి తీసుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మస్తాన్ భాయ్ భూతద్దం పెట్టి చూపించాడు. గొట్టం వంపులో పచ్చటి చిలుము. దాని మధ్య సూదిమొన కూడా పట్టని కంత. రోజూ కింద బకెట్ నుంచి లేచిన బ్లీచింగ్ ఆవిరిని ఫ్యాన్ పీల్చింది, దానికి ఉప్పుగాలి తోడైంది, రాగిని కొరుక్కుతినేశాయి. ఆ కంతలోంచి చుక్క ఎప్పుడో ఎగిరిపోయింది. రోగం రాకుండా పెట్టుకున్న బకెట్టే రోగమైంది.

సుప్రజ వంగి బకెట్ వైపు చూసింది. "నా తప్పే అక్కా."

"నీదెట్టా అవతాది?" అన్నాడు మస్తాన్ భాయ్. "నువ్వు వైరస్‌ని చంపతా ఉండావు. మిషన్ని చూడాల్సింది మేము." 'మేము' అన్నాడు గానీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే తేలిగ్గా ఉండేది.

తొంభై నిమిషాలు

ఆ మోడల్ గొట్టం చెన్నై నుంచి రావాలి. భాయ్ సంచిలోది పొడవు చాలదు, స్క్రూ రంధ్రాలు కలవవు. మందు ఒక్క పరీక్షకే ఉంది. టైము ఒంటిగంట.

"ఐసు తెప్పించేదా?" అన్నాడు పెంచలయ్య. "ఈడ ఐసుకేం కొదవ లేదు."

నేను నోరు తెరిచేలోపే మస్తాన్ భాయ్ జవాబిచ్చాడు. "ఐసు పెడితే చుట్టూ చెమట పడతాది అన్నా, బోర్డు మీదికి కారతాది. ఐసొద్దు. నీళ్లు చాలు."

టిఫిన్ సెంటర్ ఆయన గోనెపట్టా నాకు గుర్తొచ్చింది. యాడ మొయ్యాలో అదొక్కటే తెలీలా.

ల్యాప్‌టాప్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. తెర మాత్రం బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతోంది. బోర్డు మీద మిగతా భాగమంతా టేపు వేశాడు. సంచిలోంచి తీసిన పాత గొట్టం కొసనున్న రాగి పలకను కోసి, రెండు వైపులా పేస్ట్ రాసి ప్రాసెసర్ మీద ఉంచాడు. దాని మీద సుప్రజ టీ గిన్నె. అల్యూమినియం సత్తుగిన్నె, అడుగు చదునుగా ఉంది. నాలుగు పక్కలా రబ్బరు ముక్కలు ఆనించాడు. గిన్నెలో ముప్పాతిక దాకా మామూలు నీళ్లు పోశాడు. ఒలికితే బోర్డు పోతుంది, పరీక్ష పోతుంది, పెంచలయ్య గుంట గుడ్డి లెక్క మీద నడుస్తుంది. గట్టిగా నొక్కితే ప్రాసెసర్ పగులుతుంది. వదిలేస్తే గిన్నె పక్కకు ఒరిగి వేడి తగులుకోదు.

"ఎవరు పట్టుకుంటారు?" అంది సుప్రజ.

భాయ్ తన చేతులు చూపించాడు. ఆ మధ్య నుంచి కొంచెం వణుకుతున్నాయి. అందుకే చిన్న స్క్రూలు నాతో తీయించేవాడు. ఆ సంగతి అప్పుడే తట్టింది.

"గుడ్డు మీద చెయ్యేసినట్టు పట్టుకోవాల," అన్నాడు నాతో. "రెండు చేతులూ. అయ్యేదాకా."

పట్టుకున్నాను. సుప్రజ చివరి మందు పోసి పరీక్ష మొదలుపెట్టి, నేల మీద కూర్చుని, తల వంచి తలకిందుల తెరను చూడసాగింది.

మూడో నిమిషంలో నా వెనక జేబులో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

"ఫోను ఏడస్తుండాది పాపా," అన్నాడు పెంచలయ్య. "ఉయ్యాల ఊపేదా?"

నవ్వొచ్చింది. నవ్వితే గిన్నె కదులుతుంది. "గమ్మునుండండి అన్నా," అన్నాను పళ్ల బిగువున. పాపా అన్నందుకు కోపం రాలేదని తర్వాత ఎప్పుడో గుర్తించాను.

అంతసేపు ఫోను చూడకుండా ఉండటం పెద్దయ్యాక నాకు అదే మొదటిసారి. మొదటి అరగంట వేళ్లు లాగాయి, మెడ లాగింది, మనసు జేబులోకి లాగింది. తర్వాత వేరే ఒకటి తెలియసాగింది. అరచేతుల మధ్య గిన్నె వెచ్చబడుతోంది. చాలా నెమ్మదిగా. తెర మీద పని పెరిగినప్పుడు కొంచెం ఎక్కువగా, తగ్గినప్పుడు కొంచెం తక్కువగా. గోరంత ముక్క ఒకటి నా చేతుల కింద ఆలోచిస్తోంది, దాని ఆలోచన వేడిగా మారి నీళ్లలోకి వస్తోంది. ఆరేళ్లుగా నేను తిట్టుకుంటూ వచ్చిన వేడి అది. ఆ మెషిన్ చేసిన ప్రతి లెక్కా ఆఖరుకు వేడిగా బయటికి రావాల్సిందేనని, మన పనల్లా దానికి దారి ఇవ్వడమేనని నాకు ఏ కోర్సులోనూ ఎవరూ చేత్తో తాకించి చెప్పలేదు.

ఇందాక తెర నల్లబడ్డ నలభయ్యో నిమిషం వచ్చింది. దాటింది. నీళ్లు బాగా వెచ్చబడ్డప్పుడల్లా సుప్రజ ల్యాబ్ సిరంజితో కొంచెం పైకి లాగి, కొంచెం చల్లటివి వదిలేది. భాయ్ వేలు ముంచి చూసి తలూపేవాడు.

గంట దాటాక సుప్రజ "ఒక గీత లేస్తోంది" అంది.

పెంచలయ్య తలుపు చట్రం పట్టుకున్నాడు. "అయిపోయిందా?"

"అది మీది కాదన్నా. అది నేను కావాలని పెట్టిన వైరస్ శాంపిల్, మెషిన్ సరిగ్గా పనిచేస్తోందని తెలియడానికి. అది లేవాలి. మీది దాని పక్కది."

"నాది ఏం చేస్తుండాది?"

"పడుకునే ఉంది."

"పడుకోనీ," అన్నాడాయన గుసగుసగా, పసిపిల్ల నిద్రపోతుంటే అన్నట్టు.

ఆ తర్వాత సంగతులు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వారానికి కొత్త గొట్టం వచ్చింది, నేనే బిగించాను, బిగించాక వేడిగాలి వస్తోందో లేదో చూసుకున్నాను. బకెట్టు మూతతో సహా వరండాలోకి పోయింది. సుప్రజకు క్షమాపణ చెప్పాను, నాకు అలవాటు లేని పని కాబట్టి బాగా చెప్పలేదు. అప్పట్నుంచి ఏ ల్యాప్‌టాప్ వచ్చినా అది రోజంతా ఎక్కడ కూర్చుంటుందో అడిగాను, వీలైనప్పుడల్లా వెళ్లి చూశాను. ఫోటో అడగలేదు. ఫోటోలో వాసన రాదు. నాకు కోపం తగ్గిందా అంటే లేదు. కాకపోతే కోపం వచ్చినప్పుడు ముందు వేలు పెట్టి చూస్తున్నాను, కాలేది ఎక్కడో.

ఇక ఆ మధ్యాహ్నం. తొంభై నిమిషాలు అయ్యాక సుప్రజ నేల మీంచి లేవకుండానే చెప్పింది. "లేదన్నా. మీ గుంటలో వైరస్ లేదు."

మస్తాన్ భాయ్ నా చేతుల్లోంచి గిన్నె తీసుకున్నాడు. నా వేళ్లు అలాగే గుండ్రంగా ఉండిపోయాయి. పెంచలయ్య గుమ్మంలో ట్రే దగ్గర నిలబడి తన ఊదారంగు కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి నొక్కాడు. చార్జింగ్ అయిపోయి ఉంది.

"పాపా, నీ ఫోనొకసారి ఇస్తావా?"

జేబులోంచి తీసి ఇచ్చాను. తెర మీద పద్దెనిమిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆయన వాటిని పక్కకు తోసి, గుంట దగ్గర కాపలా ఉండే మనిషికి నంబరు నొక్కాడు. అవతల ఎత్తేదాకా ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకునే ఉన్నాడు.

"శీనయ్యా," అన్నాడు. చట్రం వదిలేశాడు.

"మేత ఎయ్యి."